నీటి నుంచి ఇరవై అంగలు

ఆ సరస్సు మీద లాంచీ నడిపే సరంగుకి నీళ్ళంటే నమ్మకం లేదు. పొద్దుటిపూట నీళ్ళు పట్టుబట్టలా మెరుస్తుంటే ప్రయాణికులు "ఆహా" అనేవారు. అతను మాత్రం కళ్ళు చికిలించి, ఇంత మంచిగా ఉందంటే కడుపులో ఏదో పెట్టుకునే ఉంటుంది అనుకునేవాడు. గాలి వీస్తే గాలి మీద అనుమానం. ఆగితే, ఎందుకు ఆగిందని ఇంకా పెద్ద అనుమానం. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి రెండడుగులు లోపలికి వేశాక, అవి అక్కడే ఉన్నాయా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవాడు.

"మా ఆయనకి తుమ్మొచ్చినా, ఎవరు తుమ్మించారా అని చుట్టూ చూస్తాడు" అనేది భార్య. ఆమె ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని లాంచీల కంపెనీ వాళ్ళ లైఫు జాకెట్లకు తెగిన పట్టీలు కుట్టేది. ఆమె కుట్టిన ప్రతి పట్టీనీ అతను రెండు చేతులా పట్టుకుని లాగి చూసేవాడు. తెగితే సంతోషించేవాడు, తెగకపోతే మళ్ళీ లాగేవాడు.

అయితే ఆ అనుమానమే అతనికి అన్నం పెట్టింది. పదకొండేళ్ళలో అతని లాంచీ ఒక్క బండకి తగల్లేదు. సరస్సు అడుగున ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ పాత పడవ కుళ్ళుతోందో అతనికి కంఠతా వచ్చు. వచ్చినా సరే, ఆ రాయి నిన్నటి చోటునే ఉందని ఏమిటి నమ్మకం అన్నట్టు దూరంగా తిప్పి నడిపేవాడు. ముందున్న నీటిని తప్ప మరి దేన్నీ చూసేవాడు కాదు. వెనక ఏం జరుగుతోందో చూడటం సరంగు పని కాదు.

ఆ ఒడ్డున ఇళ్ళన్నీ ఒకే వరుసలో, రోడ్డుకి వీపు పెట్టి నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నట్టు ఉంటాయి. ఇళ్ళకీ నీళ్ళకీ మధ్య నేల ఎవరిదీ కాదు, అందరిదీ. నీటి అంచు నుంచి ఇరవై అంగలు వలలకు వదలాలి. ఇరవై ఒకటో అంగ నుంచి ఇంటివాడి వాకిలి. ఇది ఏ కాగితం మీదా లేదు. అంగ అంటే ఎవరి అంగ అని కూడా ఎవరూ అడగలేదు. మధ్యరకం మనిషి, మధ్యరకం తొందరలో వేసేది అంగ. సరస్సు చివర తూములున్నాయి కాబట్టి నీటిమట్టం ఏడాది పొడుగునా జానెడు కూడా అటూ ఇటూ కాదు. అందుకే పాతవాళ్ళు నీటి అంచునే హద్దురాయి చేసుకున్నారు. రాయినైతే ఎవడో ఒకడు జరుపుతాడు, నీళ్ళను ఎవడు జరుపుతాడు అన్నది వాళ్ళ ధీమా.

సరంగు వాకిలి ముందున్న ఆ నేల మీద పని చేసేది వలల వదిన. చుట్టరికానికి ఎవరికీ వదిన కాదు, ఒడ్డంతటికీ వదినే. భర్త పోయిన ఏడు నుంచి పది పడవల వలలు ఆమె చేతి మీదే నడుస్తున్నాయి. పొద్దున్నే పడవలవాళ్ళు చిరిగిన వలలు తెచ్చి పడేసి పోతారు. ఆమె వాటిని కర్రగుంజల మీద ఆరేసి, బొటనవేలికి దారం చుట్టుకుని, కన్ను తర్వాత కన్ను అల్లుకుంటూ పోతుంది. ఎండలో ఆ వలలు ఊగుతుంటే గాలికే ఎవరో చొక్కా కుడుతున్నట్టుండేది. గుంజలు పాతుకోవడానికి ఆ నేల లేకపోతే ఆమెకు పని లేదు. పని లేకపోతే ఆ ఒడ్డున ఆమెకు చోటూ లేదు.

సరంగు అనుమానం ఆ గుంజల మీద పడింది.

రెండేళ్ళ కిందట అతని గోడకీ చివరి వరస గుంజలకీ మధ్య ఒక మంచం పట్టేది. సాయంత్రం దాని మీద పడుకుని ఆకాశాన్ని అనుమానంగా చూసేవాడు. నిరుటికి మంచం పట్టక కుర్చీ వేసుకున్నాడు. ఈ ఏడు కుర్చీలో కూర్చుంటే తడి వల వచ్చి మొహానికి తగులుతోంది.

"వదినా, ఈ గుంజలకి కాళ్ళొచ్చాయా?" అన్నాడొకరోజు, మూతి తుడుచుకుంటూ.

"గుంజలకి కాళ్ళెక్కడివి మరిదీ? నీ గోడకొచ్చాయేమో చూసుకో. నిరుడు కొత్తగా కట్టించావుగా, అప్పుడే రెండంగలు ముందుకు తోసుంటావు."

"నా గోడ పాత పునాది మీదే ఉంది!"

"పునాది భూమి లోపల ఉంటుంది. లోపలేముందో నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు."

"అయితే కొలువు. నా కళ్ళముందే కొలువు."

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నీటి అంచున మడమ ఆనించి, అంగలు వేసుకుంటూ వచ్చింది. ఇరవయ్యో అంగ సరిగ్గా చివరి గుంజ దగ్గర పడింది.

"నీ అంగ పెద్దది!" అన్నాడు సరంగు.

"సరే, నీ అంగతో కొలుచుకో."

అతను నీటి దగ్గరకు పోయి మొదలుపెట్టాడు. ఆమె కంటే జానెడు పొడుగు మనిషి, పైగా కోపం మీదున్నాడు. పద్దెనిమిదికే ముక్కు తన గోడకు తగిలింది. వలల వదిన నవ్వలేదు. నవ్వకుండా నిలబడటం నవ్వడం కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

"కోపంలో అంగ సాగుతుంది" అన్నాడు గొణుగుతూ.

"సాగనీ. ఈసారి శాంతంగా ఉన్నప్పుడు రా" అంది ఆమె, దారం పళ్ళతో కొరుకుతూ.

ఆ రోజంతా అతని బుర్రలో ఒకటే తిరిగింది. అంగలు సరిపోతున్నాయి, నేల సరిపోవడం లేదు. అంటే మోసం కొలతలో లేదు, కొలత మొదలయ్యే చోట ఉంది. ఈమె నీటి అంచునే తవ్వి లోపలికి తెస్తోంది! తను లాంచీ మీద ఉన్న వేళ చూసి, పార తీసుకుని ఒడ్డును చెక్కేసి, మట్టిని నీళ్ళలో కలిపేస్తోంది. ఆ ఊహ తట్టగానే అతనికి ఎక్కడలేని తెలివీ తనకే ఉన్నట్టనిపించింది.

"పార ఎక్కడ దాస్తోందంటావ్?" అని భార్యను అడిగాడు.

"నా మిషను కింద" అంది ఆమె తలెత్తకుండా.

ఒక క్షణం అతను మిషను కిందికి చూశాడు కూడా.

అటు లాంచీ పని కూడా మునుపటిలా లేదు. ఒకప్పుడు అది నలభై మంది ఎక్కే చెక్క లాంచీ. అవతలి ఒడ్డుకు యాభై నిమిషాలు పట్టేది. అవతల కొండ మీద జలపాతం ఉంది, దానికి చిన్న దారి ఉంది, వెళ్ళినవాళ్ళు వెళ్ళేవారు. తర్వాత ఆ దారిని వెడల్పు చేసి బస్సులు తిప్పారు. బస్సులు వచ్చాయని జనం వచ్చారు, జనం వచ్చారని ఇంకో పది బస్సులు వచ్చాయి. ఆ జనాన్ని మొయ్యడానికి కంపెనీ నూట ఇరవై మంది పట్టే ఇనప లాంచీ దించింది. ఇళ్ళ వరుస ముందు మలుపులో ఏపుగా పెరిగిన జమ్ము లాంచీ పంకాకి చుట్టుకుంటోందని, పైగా ఫొటోలకు అడ్డమొస్తోందని వేళ్ళతో సహా పీకించేశారు. ఆ పీకుడు రోజు సరంగు కూడా కొడవలి పట్టాడు. తన పంకా బాగుండాలని.

బస్సులకి టైము పెట్టారు. పదకొండున్నరకి మొదటి బస్సు కొండెక్కాలి. దాని కోసం లాంచీ యాభై నిమిషాల దూరాన్ని ముప్పైలో దాటాలి. "మీరు మలుపు దగ్గర మరీ మొహమాటపడుతున్నారండీ" అన్నాడు రేవు మేనేజరు. సరంగు మొహమాటం మానుకున్నాడు. లాంచీ ముక్కెత్తి పరుగెత్తేది. వెనక బెంచీల మీద పిల్లలు కేకలు వేసేవారు, పెద్దవాళ్ళు ఫోన్లు పైకెత్తేవారు. వాళ్ళు ఫొటో తీస్తున్నదేమిటో అతను ఎన్నడూ తిరిగి చూడలేదు.

రేవు మేనేజరు మంచివాడని సరంగు అనుకున్నాడు. అనుకోవడానికి కారణం ఉంది. గుంజల గొడవ చెప్పగానే "నిజమే" అన్న మొదటి మనిషి ఆయనే.

"నిజమే సరంగూ, ఇది అన్యాయం. మీ వాకిలి మీది కాకుండా పోవడమేంటి? తీరం సంఘానికి ఫిర్యాదు పెట్టండి. నేను రాసిస్తా."

ఆయనే కూర్చుని రెండు పేజీలు కంప్యూటరు మీద కొట్టించాడు. సరంగు మొదటి పేజీ చదివాడు. తన గోడ, తన వాకిలి, తన బాధ, అన్నీ తను చెప్పలేనంత చక్కగా ఉన్నాయి. రెండో పేజీ కింద సంతకం పెట్టాడు. లోకంలో అందరినీ అనుమానించే మనిషికి, తనతో ఔనన్నవాడిని అనుమానించాలని తోచలేదు.

సంఘం పెద్దాయన ఫిర్యాదు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ఒకప్పుడు రైలు స్టేషనులో సిగ్నళ్ళు వేసిన మనిషి. మాట కంటే టైమును నమ్ముతాడు. "వచ్చే బుధవారం వలల షెడ్డులో కూర్చుందాం. ఆమె ఒడ్డు తవ్వుతోందంటున్నావు, ఎవరైనా చూశారా?"

"నేను చూస్తా" అన్నాడు సరంగు.

మంగళవారం నుంచి సెలవు పెట్టాడు. పదకొండేళ్ళలో జ్వరం లేకుండా పెట్టిన మొదటి సెలవు. లాంచీని బదిలీ సరంగుకి అప్పగించి, వాడికి బండలన్నీ రెండుసార్లు చెప్పి, తన వాకిట్లో గోడ వెనక పీట వేసుకుని కూర్చున్నాడు. గోడకు ఒక ఇటుక ఊడిన కంత ఉంది. దానికి కన్ను ఆనించాడు.

"సొంత ఇంట్లో దొంగలా కూర్చున్నదెవరా అనుకున్నా" అంది భార్య, టీ గ్లాసు పక్కన పెడుతూ.

"ష్!"

"ఆవిడకి నువ్వున్నావని తెలుసు. ఇందాకే అడిగింది, మరిదికి ఒంట్లో బాగాలేదా, గోడ వెనక మూలుగుతున్నాడూ అని."

పొద్దెక్కింది. వలల వదిన వలలు ఆరేసింది. ఆమె పార తియ్యడానికి పోతుందని అతను ఎదురుచూశాడు, ఆమె దారపుండ వైపు పోయింది. వంగింది. ఇదిగో తవ్వుతుంది అనుకున్నాడు. ఆమె కాలికి గుచ్చుకున్న గవ్వపెంకు తీసి పారేసింది. నీళ్ళు అద్దకం బట్ట పరిచినట్టు కదలకుండా ఉన్నాయి. ఒడ్డున గడ్డిపోచ నీడ నీళ్ళలో గడ్డిపోచలాగే నిలబడి ఉంది. ఇంత నిశ్శబ్దాన్ని తను లాంచీ మీద నుంచి ఎన్నడూ వినలేదని అతనికి తోచింది. వెంటనే ఆ నిశ్శబ్దం మీద కూడా అనుమానం కలిగింది.

పదకొండూ అయిదుకి లాంచీ వచ్చింది.

తన లాంచీని అతను ఒడ్డు నుంచి చూడటం అదే మొదటిసారి. తెల్లగా, ముక్కు పైకెత్తి, వెనక రెండు తెల్లటి జడలు వదులుతూ, ఎంత అందంగా ఉంది! నేను రోజూ నడిపేది దీన్నా అనుకున్నాడు. మలుపు తిరిగి అది కనుమరుగయింది. నీళ్ళు మళ్ళీ సర్దుకున్నట్టే ఉన్నాయి.

వలల వదిన మాత్రం లేచి పరుగెత్తి, ముందు వరస వలలను గబగబా పైకి చుట్టేయడం మొదలుపెట్టింది. ఇప్పుడెందుకు అని అతను కంతకు ఇంకా దగ్గరగా జరిగాడు.

అప్పుడొచ్చింది అల. లాంచీ పోయిన రెండు నిమిషాలకు, లాంచీతో తనకేమీ సంబంధం లేనట్టు, ఎక్కడినుంచో ఒంటరిగా నడిచి వచ్చినట్టు వచ్చింది. ఒడ్డును కింద నుంచి కొట్టి వెనక్కి పోయింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. అతను లెక్కపెట్టాడు, పద్నాలుగు. తొమ్మిదో అలకి అరచేయంత మట్టిపెళ్ళ, పైన పచ్చగడ్డితో సహా, చప్పుడు లేకుండా విడిపోయి నీళ్ళలోకి జారింది. కాసేపు అక్కడ నీళ్ళు టీరంగులో ఉన్నాయి. తర్వాత అదీ లేదు.

వాడికి నడపడం రాదు, అన్నది అతనికి తట్టిన మొదటి ఆలోచన. బదిలీ సరంగుని మనసులో నాలుగు తిట్లు తిట్టాడు. పన్నెండున్నరకి లాంచీ తిరుగుప్రయాణంలో వచ్చినప్పుడు కంతలోంచి కాకుండా గోడ పైనుంచి చూశాడు. చక్రం ఎక్కడ తిప్పాలో అక్కడే తిప్పాడు వాడు. వేగం ఎంత ఉండాలో అంతే ఉంది. తను నడిపినా అచ్చం అలాగే ఉండేది. మళ్ళీ పద్నాలుగు అలలు. ఈసారి మట్టిపెళ్ళ పిడికెడే.

రోజుకు ఎనిమిది ట్రిప్పులు. లెక్క వేద్దామని వేలు మడిచాడు, రెండో వేలు మడవలేకపోయాడు.

గోడ దాటి ఒడ్డుకు నడిచాడు. వలల వదిన తల తిప్పలేదు.

"కోలుకున్నావా మరిదీ?"

"ఈ అలలు రోజూ ఇలాగే వస్తాయా?"

"నన్నడుగుతావేం? పంపేది నువ్వు. నా మీద కోపంతో నా వలలు తడపాలని కావాలని తోలుతున్నావనుకున్నా. నీ గొడవ మొదలయ్యాక మరీ ఎక్కువయ్యాయి."

"నేను కావాలనా? మరి చెప్పలేదేం!"

"చెప్తే నమ్ముతావా? అద్దంలో నీ మొహం చూసి ఎవడ్రా వీడు అని అడిగే మనిషివి."

అతను ఆమె పక్కన గట్టు మీద చతికిలబడ్డాడు. "నీ వలలు తడవడం సంగతి కాదు వదినా. మట్టి చూడు. ఒడ్డే వెనక్కి నడుస్తోంది. నీళ్ళను బట్టే నీ గుంజలు జరిగాయి, నా గోడా జరగలేదు."

ఆమె చాలాసేపు నీళ్ళకేసి చూసింది. తర్వాత అతనికేసి, నీళ్ళను చూసిన దానికంటే జాగ్రత్తగా చూసింది. "రేపు సంఘం ఉండగా ఇవాళ ఇంత మంచిగా మాట్లాడుతున్నావంటే, ఇందులో ఏదో మెలిక ఉంది" అంది.

బుధవారం వలల షెడ్డులో పెద్దాయన బల్ల మీద గడియారం పెట్టుకుని కూర్చున్నాడు. ఒడ్డువాళ్ళు పదిహేనుమంది దాకా వచ్చారు. రేవు మేనేజరు ఇస్త్రీ చొక్కాలో ముందు వరసలోనే ఉన్నాడు. పెద్దాయన ఫిర్యాదు పైకి చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీకి వచ్చేసరికి సరంగు చెవులు నిక్కపొడుచుకున్నాయి. "కావున, నీటి అంచు నుంచి కొలిచే పాత పద్ధతిని రద్దు చేసి, ఒడ్డునున్న ఖాళీ స్థలాన్ని పర్యాటకుల సౌకర్యం కోసం రేవు నిర్వాహకుల ఆధీనంలో ఉంచవలసిందిగా..."

"అది నేను చెప్పలేదు" అన్నాడు సరంగు లేచి.

"సంతకం పెట్టారు కదండీ" అన్నాడు మేనేజరు మెత్తగా.

షెడ్డంతా సరంగు వైపు తిరిగింది. వలల వదిన మొహంలో, నేను చెప్పలా అన్నట్టు ఒక గీత పడింది. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఆమె గుంజలు పాతుకునే నేల ఇవాళే పోతుంది, పోయేది తన సంతకంతో.

"సంతకం నాదే. కానీ ఫిర్యాదు తప్పు. ఆమె ఒడ్డు తవ్వలేదు. తవ్వుతున్నది నా లాంచీ. నేనే."

ఎవరో కిసుక్కున నవ్వారు. "లాంచీ ఏమన్నా పందికొక్కా?" అన్నారింకెవరో.

"నవ్వకండి. పదకొండూ అయిదుకి లాంచీ మలుపు దాటుతుంది. వచ్చి చూడండి."

పెద్దాయన గడియారం జేబులో వేసుకుని లేచాడు. అందరూ ఒడ్డుకు బయల్దేరారు. "మీరు పదండి, ఒక ఫోను మాట్లాడి వస్తా" అన్నాడు మేనేజరు. సరంగు వెనక్కి తిరిగి ఆయన్ని చూశాడు. ఈసారి చూడటం మర్చిపోలేదు.

పదకొండూ అయిదయింది. లాంచీ లేదు. పదకొండూ పదయింది. జనం ఎండకి కాళ్ళు మారుస్తున్నారు. పదకొండూ ఇరవైకి, పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతురిలా తలొంచుకుని, నెమ్మదిగా వచ్చింది లాంచీ. రెండు నిమిషాలకు ఒడ్డుకు మూడు చిన్న అలలు వచ్చి, పిల్లి పాలు నాకినట్టు నాకి పోయాయి. మట్టి ఇసుమంత కదల్లేదు.

ఒడ్డంతా పకపకలు. "అబ్బో, ప్రళయం!" అన్నారు. "పారిపోండర్రా!" అన్నారు. మేనేజరు కూడా మర్యాదగా నవ్వాడు. సరంగుకి భూమి చీలితే బాగుండునని ఉంది. తనకంటే ఎక్కువగా వలల వదిన ఏమనుకుంటోందో అని భయంగా ఉంది. నన్ను నవ్వులపాలు చేసి నేల గుంజుకునే ఎత్తు ఇదన్నమాట, అన్నట్టు ఆమె కొంగు బిగించింది.

పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. గడియారం తీసి చూస్తున్నాడు.

"ఈ లాంచీ రోజూ ఎన్నింటికి దాటుతుంది?"

"పదకొండూ అయిదుకి" అన్నాడు సరంగు.

"నేను రోజూ ఇక్కడే నడుస్తాను. అయిదుకే. ఇవాళ పదిహేను నిమిషాలు ఆలస్యం. నీళ్ళేమన్నా చిక్కబడ్డాయా?" ఆయన మేనేజరు వైపు తిరిగాడు. "ఫోను ఎవరికి బాబూ?"

"ఇంటికండీ."

"మీ ఇంట్లోవాళ్ళు లాంచీలో ఉన్నారా?"

అంతలో అవతలి ఒడ్డు నుంచి బస్సు హారను వినపడింది. పొడుగ్గా, విసుగ్గా మోగి, ఆగిపోయింది. కొండ దారి మీద ధూళి లేచింది. బస్సు వెళ్ళిపోయింది. ఇంకా సగం సరస్సులోనే ఉన్న లాంచీ మీద జనం లేచి నిలబడి చేతులూపుతూ అరుస్తున్నారు. మాటలు వినపడలేదు, కోపం వినపడింది.

"పెద్దాయనా" అన్నాడు సరంగు, "ఇప్పుడొచ్చినట్టు నడిపితే ఒడ్డు ఉంటుంది, బస్సు ఉండదు. రోజూ నడిపినట్టు నడిపితే బస్సు అందుతుంది, ఒడ్డు అందదు. అలలకు అడ్డుగా ఉండే జమ్మునేమో మనమే పీకేశాం. కొడవలి నేనూ పట్టాను."

ఇక ఎవరూ నవ్వలేదు. పెద్దాయన నీటి అంచున ఒంగి, అల తినేసిన చోట బయటపడిన గడ్డివేళ్ళను కర్రతో కదిపి చూశాడు. చిన్నప్పుడు ఇక్కడ తను కూర్చుని చేపలు పట్టిన బండ ఎక్కడని అడిగాడు. ఎవరో నీళ్ళలోకి వేలు చూపించారు. ఒడ్డుకు నాలుగంగల అవతల దాని నెత్తి కనిపిస్తోంది.

సంఘం చెప్పింది ఇది. కొలత నీటి నుంచే, ఇరవై అంగలే, వలల నేల వలలకే. మలుపులో లాంచీ నెమ్మదిగా పోవాలని కంపెనీకి కాగితం. "కాగితం పంపండి, పైవాళ్ళు పరిశీలిస్తారు" అన్నాడు మేనేజరు, చెమట తుడుచుకుంటూ. ఆ 'పరిశీలన' అనే మాట ఎంతకాలం బతుకుతుందో ఒడ్డువాళ్ళకి తెలుసు.

పెద్దాయనే మధ్యరకం తొందరలో అంగలు వేశాడు. ఇరవయ్యోది సరంగు గోడకి అవతల, వాకిట్లో పడింది.

"గోడ?" అన్నాడు పెద్దాయన.

"తీసేస్తా" అన్నాడు సరంగు.

తీశాడు కూడా. భార్య ఇటుకలు అందిస్తూ "ఎదుటివాళ్ళ మీద ఫిర్యాదు పెట్టి సొంత గోడ కూలగొట్టుకున్న మొనగాడివి నువ్వొక్కడివే" అంది. గోడ కింద పునాది రాళ్ళను అతను ఒక్కొక్కటే మోసుకెళ్ళి, మట్టి జారుతున్న చోట నీటి అంచున పేర్చాడు. అయిదో రాయి పెడుతుండగా వలల వదిన వచ్చి నడుము మీద చెయ్యేసి నిలబడింది.

"ఏంటిది?"

"ఒడ్డు ఆగుతుందని."

"రేపొచ్చి ఈ రాళ్ళ నుంచి కొలువు అంటావా?"

"అనను వదినా."

"ఇవాళ అనవు. రేపటి సంగతి అడుగుతున్నా."

అతనికి కోపం రావలసింది, రాలేదు. ఆమె స్థానంలో తనుంటే ఈపాటికి రాళ్ళు లెక్కపెట్టి సున్నం గుర్తులు పెట్టుకునేవాణ్ణని తోచింది. "గుర్తులు పెట్టుకో" అన్నాడు. ఆమె నిజంగానే పెట్టుకుంది.

సోమవారం అతను మళ్ళీ చక్రం పట్టుకున్నాడు. కంపెనీ నుంచి ఔననీ రాలేదు, కాదనీ రాలేదు. నూట పద్దెనిమిది మంది ఎక్కారు. వెనక బెంచీలో నల్లసంచీ పెట్టుకుని ఒకాయన ఒంటరిగా కూర్చున్నాడు. జలపాతానికి పోయేవాడు ఇంత ఇస్త్రీ ప్యాంటు వేసుకోడు. లాంచీ కదలకముందే సంచీలోంచి చిన్న పుస్తకం తీశాడు, చేతి గడియారం చూశాడు, ఏదో రాశాడు. వీడే పైవాళ్ళ పరిశీలన అనుకున్నాడు సరంగు.

మలుపు వచ్చింది. అతను వేగం పిడిని కిందికి లాగాడు. లాంచీ ఎత్తిన ముక్కు దించి, నీటి మీద తన బరువంతా వదిలి కూర్చుంది. ఇంజను రొద తగ్గేసరికి ఒడ్డు మీది చప్పుళ్ళు ఒక్కొక్కటే నీటి మీద నడిచి వచ్చాయి. ఎవరో బిందె కడుగుతున్నారు. తన ఇంట్లోంచి కుట్టుమిషను టకటకలాడుతోంది. పదకొండేళ్ళుగా ఈ మలుపు తిరుగుతున్నా ఆ చప్పుడు ఇక్కడికి వినిపిస్తుందని అతనికి తెలియదు.

"ఏంటండీ, ఆగిపోయామా?" అన్నాడు ముందు బెంచీ ఆయన.

"లేదండీ. నడుస్తున్నాం."

"ఇలా నడిస్తే బస్సు పోతుంది!"

"పోవచ్చండీ" అన్నాడు సరంగు.

ఒడ్డున వలల వదిన లేచి నిలబడింది. వలలు చుట్టేయాలా వద్దా అన్నట్టు ఒక చెయ్యి గుంజ మీదే ఉంచి, రెండో చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని లాంచీని చూసింది.

"ఏం మరిదీ, ఇంజను చెడిందా?"

"బాగానే ఉంది వదినా!"

"అయితే నీకేమైనా అయిందా?"

బెంచీల మీద జనం నవ్వారు. ఆమె మాత్రం చెయ్యి గుంజ మీద నుంచి తియ్యలేదు, అలల కోసం చూస్తూ నిలబడింది. అవతలి ఒడ్డు నుంచి బస్సు ఒకసారి హారను కొట్టింది. కాసేపాగి మళ్ళీ కొట్టింది. జనంలో సణుగుడు మొదలైంది. సరంగు చెయ్యి పిడి మీదే ఉంది. పైకి తోస్తే ఇంకా బస్సు అందుతుంది. అతను చెయ్యి అక్కడే ఉంచి, జీవితంలో మొదటిసారి లాంచీ నడుస్తుండగా తల వెనక్కి తిప్పాడు. లాంచీ వెనక నీళ్ళు పెద్దగా చెదరకుండా, వదులుగా ముడేసిన జడలా సాగుతున్నాయి. ఆ పైన నల్లసంచీ ఆయన మొహం, చేతిలో తెరిచిన పుస్తకం.

"పదకొండూ పదండీ" అన్నాడు సరంగు గట్టిగా. "సరిగ్గా రాసుకోండి."

"నాతోనా అండీ?" అన్నాడాయన, తెల్లబోయి.

సరంగు ముందుకు తిరిగాడు. మలుపు ఇంకా సగం ఉంది.